బాస్కెట్‌బాల్‌లో పరుగులో బంతి అందుకుని మూడుసార్లు నేలను తాకితే ట్రావెలింగ్ అవుతుందా?

ఒక ఆటగాడు పరుగులో పాస్ అందుకుని, మూడుసార్లు నేలను తాకి లేఅప్ (బుట్ట దగ్గరికి దూసుకెళ్లి వేసే షాట్) వేశాడనీ, రిఫరీ విజిల్ వేయలేదనీ, అది ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేసే తప్పు, కాదా అనీ మీరు అడిగారు. జిల్లా స్థాయి పోటీల్లో చాలా ఏళ్లు విజిల్ పట్టినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, మీరు ఇచ్చిన వివరాలతో మాత్రమే అది తప్పని తేల్చలేము. అడుగులు ఎన్ని పడ్డాయి అని లెక్కించే ముందు, బంతి అదుపులోకి వచ్చిన క్షణంలో అతని ఏ పాదం నేలపై ఉందో తెలియాలి.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నియమావళిలో ట్రావెలింగ్‌ను 25వ ఆర్టికల్ వివరిస్తుంది. 2017 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, పరుగులో బంతి అందుకున్నా, డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ సాగడం) ముగించినా, అదుపు దొరికిన క్షణంలో నేలపై ఉన్న పాదం లెక్కలోకి రాదు. ఆ తరువాత నేలను తాకే పాదంతోనే మొదటి అడుగు మొదలవుతుంది. దీనినే ఆటగాళ్లు జీరో స్టెప్ అంటారు. కుడి పాదం నేలపై ఉండగా బంతి చేతిలో నిలిచిందనుకుందాం: తరువాత పడే ఎడమ పాదం ఒకటి, మళ్లీ కుడి పాదం రెండు, కానీ చూసేవారి కంటికి మూడు. అదే రెండు పాదాలూ గాలిలో ఉండగా బంతి అందితే, దిగిన మొదటి పాదమే ఒకటి, చెల్లేవి రెండు అడుగులే కాబట్టి, మూడో తాకిడి కచ్చితంగా తప్పవుతుంది. ఒకే పాదంతో వరుసగా రెండుసార్లు నేలను తాకే కుంటడుగుకు కూడా అనుమతి లేదు.

ఈ సవరణ కాగితం మీద తేలికగానే అర్థమైంది, కానీ పాత లెక్కకు అలవాటుపడిన నా కళ్లు మారడానికి సమయం పట్టింది. సవరణ వచ్చిన కొత్తలో ఒక పాఠశాలల పోటీలో, చివరి నిమిషంలో ఒక అమ్మాయి వేసిన లేఅప్‌ను ట్రావెలింగ్ అని రద్దు చేశాను. ఆట ముగిశాక ఆమె కోచ్, ఏమాత్రం గొంతు పెంచకుండా, ఫోనులో తీసిన వీడియోను ఆపి ఆపి చూపించారు. కుడి పాదం నేలపై ఉన్నప్పటికి బంతి అప్పుడే ఆమె అరచేతిలో కుదురుకుంటోంది. నేను నిజానికి బంతిని చూడలేదు, సిమెంటు కోర్టుపై బూట్ల చప్పుడును లెక్కపెట్టాను. అప్పటినుంచి ముందు చేతులను చూసి, బంతి నిలిచాకనే చూపును పాదాల మీదికి దింపుతున్నాను. ఆ క్షణం నాకు కనబడకపోతే, ప్రేక్షకులు ఎంత అరిచినా, విజిల్ వేయను.

విచిత్రమేమిటంటే, అందరూ గొడవపడే లేఅప్ కంటే, ఎవరూ పట్టించుకోని చోటనే అసలు ట్రావెలింగ్ ఎక్కువగా జరుగుతుంది. నిలబడి బంతి అందుకున్న ఆటగాడికి జీరో స్టెప్ వర్తించదు. అతను ఒక పాదం ఎత్తగానే రెండోది పివట్ (నేలపై నిలిపి ఉంచాల్సిన పాదం) అవుతుంది, డ్రిబుల్ మొదలుపెట్టాలంటే ఆ పివట్ పాదం లేవకముందే బంతి చేతిని విడవాలి. ఎదుటివాడిని ఏమార్చడానికి ఒక కాలు ముందుకు వేసి, అదే ఊపులో దూసుకుపోయేటప్పుడు, మా పిల్లల్లో చాలామంది పివట్‌ను ముందే లేపేస్తారు. షాట్‌కు గానీ పాస్‌కు గానీ పివట్ ఎత్తి ఎగరవచ్చు, అయితే బంతి చేతిని విడిచేవరకు ఏ పాదమూ తిరిగి నేలను తాకకూడదు. బంతితో కిందపడి జారితే తప్పు కాదు, దానిని పట్టుకుని దొర్లినా, లేవబోయినా తప్పే.

అమెరికా ఆటల వీడియోలు చూసి వాదించేవారికి ఒక మాట: అక్కడి వృత్తి లీగ్ ఎన్‌బీఏ 2019–20 సీజన్‌లో తన నియమాన్ని వేరుగా తిరిగి రాసుకుంది, అక్కడి హైస్కూలు నియమాల్లో జీరో స్టెప్ లేదు, కాబట్టి ఏ నియమావళి కింద ఆడుతున్నారో ముందు చూసుకోవాలి.

మీ దగ్గర ఆ ఆట వీడియో ఉంటే, బంతి అతని చేతిలో నిలిచిన చోట ఆపి, అప్పటికి ఏ పాదం నేలపై ఉందో రాయండి. అది తెలిస్తే మీ రిఫరీ నిర్ణయం సరైనదో కాదో చెప్పగలను.