ఎన్నారై సందేహాలు: గెలిచిన లిస్టు కొనాల్నా, సొంత ఫౌజు కట్టాల్నా?

ప్రశ్న: హనుమకొండ నుంచి నాటింగ్‌హామ్‌కు చదువుకోవడానికి వచ్చాను. ఇక్కడ క్లబ్బులో వార్‌హ్యామర్ 40,000 (బొమ్మ సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) ఆడుతున్నారు. ఒక్కో దళానికి ఇన్ని పాయింట్లని ఉంటుంది, మొత్తం 2000 పాయింట్ల సైన్యం కావాలంటున్నారు. టోర్నమెంట్ గెలిచిన సైన్యంలో ఏ దళాలున్నాయో చెప్పే లిస్టు ఒకటి దొరికింది. అదే మొత్తం కొనేయమంటారా అన్నా?

జవాబు: కొనకు తమ్మీ. ఆ లిస్టు గెలిచింది అప్పటి పాయింట్లతోని. ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు పాయింట్ల పట్టిక ఏడాదిలో పలుమార్లు మారుస్తరు, బాగా గెలుస్తున్న దళానికి పాయింట్లు పెంచుతరు. నువ్వు డబ్బాలు తెప్పించి, అతికించి, రంగులేసే వరకు 2000లో పట్టిన లిస్టు 2000 దాటిపోతది. పైగా పదో ఎడిషన్ నియమాల్లో ఒక్కో దళాన్ని మూడుసార్ల దాకా పెట్టొచ్చు (బ్యాటిల్‌లైన్, అంటే సైన్యానికి వెన్నెముకలాంటి మామూలు దళాలైతే ఆరు) కాబట్టి, గెలిచే లిస్టుల్లో ఒకటే బొమ్మ మూడు డబ్బాలుంటయి. నియమం మారిందంటే ముందుగాల మూలకు పడేది ఆ మూడో డబ్బానే.

మొదట 1000 పాయింట్ల గట్టి పునాది కట్టు. ఆ ఆట రెండు గంటల్లో తేలుతది, 2000కు మూడు గంటలు రాసి ఉంటది గానీ కొత్తోళ్లకు అది చాలదు. ఒక నాయకుడు, రెండు బ్యాటిల్‌లైన్ దళాలు, ట్యాంకులు పగలగొట్టేది ఒకటి, వేగంగా ఉరికేది ఒకటి, మన వైపు ఆబ్జెక్టివ్ (బల్ల మీద పట్టుకోవాల్సిన గుర్తు) మీద కూసోబెట్టడానికి చవకది ఒకటి. ఇంతే. ఏదీ రెండోసారి కొనకముందే నాలుగైదు ఆటలాడు.

ట్యాంకుల సంగతి లెక్కతో చెప్తే తెలుస్తది. దెబ్బ బలం 4 ఉన్న తుపాకీ, టఫ్‌నెస్ (గట్టిదనం) 11 ఉన్న ట్యాంకును గాయపరచాలంటే పాచిక మీద 6 పడాలె. ఎందుకంటే బలం టఫ్‌నెస్‌లో సగం కూడా లేదు. బలం 12 ఉన్న లాస్‌క్యానన్‌కు (ట్యాంకులు పగలగొట్టే పెద్ద తుపాకీ) 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే చాలు. అందుకే ఒట్టి సిపాయిలతో ఎదుటోని ట్యాంకుల ముందు నిలబడలేవు. ఉల్టా, అన్నీ ట్యాంకులే పెట్టినా తిప్పలే: శిథిలాల గోడల్లోంచి సిపాయిలు దూరిపోతరు, బండి చుట్టూ తిరిగి రావాలె. ఆట గెలిపించే పాయింట్లేమో ఆబ్జెక్టివ్‌ల మీద నిలబడినోనికే వస్తయి.

కాంబాట్ పాట్రోల్ డబ్బాతో (ఒక చిన్న ఫౌజు మొత్తం ఒకే డబ్బాలో) మొదలుపెట్టడం మంచిదే, దళాల పాయింట్ల లెక్క లేకుండానే 44 బై 30 అంగుళాల బల్ల మీద ఆడొచ్చు. అదే డబ్బా రెండోది మాత్రం తెచ్చుకోకు, ఒకే రకం నాయకులు ఇద్దరు పోగైతరు.

పాత సరుకు కొంటే బొమ్మ కాళ్ల కింద అంటించే అడుగుబిళ్లలు చూసుకో. ఒకప్పటి స్పేస్ మెరైన్లు (ఈ ఆటలో ఒక రకం సిపాయిలు) 25 మిల్లీమీటర్ల బిళ్లల మీదుంటయి, ఇప్పటివి 32. ప్లాస్టిక్ బొమ్మల పాత రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఊడుతది. ఫౌజు మొత్తం రంగులేసి, బిళ్లలు కూడా తీర్చితే ఆట గెలుపుకు లెక్కేసే 100 పాయింట్లలో 10 ఊకెనే వస్తయి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) స్ప్రే కిరాయి గదిలో కొట్టకు, కార్పెట్ ఖరాబైతే డిపాజిట్ పోతది. తేమ రోజున బయట కొడితే గరుకుగా పొడి లెక్క పడుతది, చలికాలం బ్రష్షుతో వేసే ప్రైమరే నయం.

సెలవులకు ఇంటికి పోయి తమ్ముళ్లతో ఆడే ఆలోచన ఉంటే ఇది వేరే లెక్క. దానికి డీబీఏ (పాతకాలపు సైన్యాలతో ఆడే చిన్న యుద్ధపు ఆట) చూడు: ఒక్కో పక్షానికి కొన్ని బొమ్మలు అంటించిన 12 బిళ్లలే, 15 మిల్లీమీటర్ల బొమ్మలకు రెండడుగుల చదరపు బల్ల చాలు. దాంట్ల హిందూ ఇండియన్ జాబితా ఉంది, కాకతీయుల కాలం అందులోనే పడుతది, ఏనుగులూ ఉంటయి. అక్కడ ఎదుటోడు దొరకడు కాబట్టి రెండు ఫౌజులూ నువ్వే కట్టుకోవాలె. విమానంలో స్ప్రే డబ్బాలు, ప్లాస్టిక్ జిగురు పెట్టనివ్వరు, రంగులేసిన బొమ్మలే తీసుకుపో. బిళ్లల కింద అయస్కాంతాలు అంటించి ఇనుప రేకు పరిచిన డబ్బాలో నిలబెడితే కత్తులు, ఈటెలు విరగకుండా చేరుతయి.