ఓడిన ఆటని అక్కడే వదిలేయకు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంటర్నెట్‌లో చదరంగం ఆడుకునే సర్వర్ ఎఫ్‌ఐసీఎస్‌లో రాత్రి పొద్దుపోయేదాకా బ్లిట్జ్, అదే నిమిషాల్లో ముగిసే ఆటలు, ఆడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆడు, వద్దనను. కానీ ఓడిన ఉక్రోషంలో వెంటనే ఇంకో ఆటకి సీక్ (జోడీ కావాలని పిలుపు) పెట్టకు. ముందు హిస్టరీ అనే కమాండ్ కొట్టు.

నీ చివరి పది ఆటలు వరుసగా వస్తాయి. పక్కన గెలుపు, ఓటములకి పెట్టే ప్లస్, మైనస్ గుర్తులు చూసి రేటింగ్ లెక్కలేసుకోకు, చివర్లో ఆట ఎలా ముగిసిందో చూడు. మ్యాట్ అని ఉంటే ఆటకట్టు, రెస్ అంటే రిజైన్ (ఓటమి ఒప్పేసుకోవడం), ఫ్లా అంటే టైమ్ అయిపోయింది. పదింట్లో సగం ఫ్లా ఉంటే నీకు ఓపెనింగ్ పుస్తకాలతో పనిలేదు, గడియారం చూసుకోవడం నేర్చుకో.

తరవాత ఎస్‌మూవ్స్, నీ హ్యాండిల్ (అక్కడి నీ పేరు), హిస్టరీలో ఆ ఆట ఎడమవైపున్న నంబరు కొట్టు. ఎత్తులన్నీ వస్తాయి, ప్రతి ఎత్తు పక్కనా బ్రాకెట్లలో దానికి పట్టిన సమయంతో సహా. నన్నడిగితే అసలు సంగతంతా ఆ బ్రాకెట్లలోనే ఉంది. గుర్రాన్ని ఊరికే పోగొట్టుకున్న ఎత్తుకి ఒక్క సెకను, అంతకుముందు ఎవరైనా కళ్లు మూసుకుని వేసే ఎత్తుకి నలభై సెకన్లు! ఇది నీ ఆటలో కనిపిస్తుందో లేదో నువ్వే చూడు.

అలాంటి చోటు దొరికాక ఎగ్జామిన్‌తో అదే ఆట తెరువు. ఫార్వర్డ్ 16 అంటే పదహారు ఎత్తులు ముందుకెళ్తుంది, తెల్లవీ నల్లవీ కలిపి. దాటిపోతే బ్యాక్‌వర్డ్ 2. అక్కడ ఆగి, నువ్వు వేయాల్సిందేమిటో బోర్డు మీదే వేసి చూడు, రెండు వైపులా నువ్వే ఆడొచ్చు. ఎంత దూరం పోయినా రివర్ట్ అంటే అసలు ఆటలోకి వచ్చేస్తావు. అయ్యాక అన్‌ఎగ్జామిన్. ఇంజన్‌ని, అదే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్‌ని, ఆ తరవాతే అడుగు. ముందే అడిగితే జవాబు తెలుస్తుంది గానీ నీ బుర్రకి పని ఉండదు.

పదకొండో ఆట ఆడగానే లిస్టులోంచి పాతది జారిపోతుంది. దాచుకోదగ్గది ఉంటే జేసేవ్‌తో జర్నల్‌లో పెట్టుకో. గెస్ట్‌గా ఆడితే ఆ సౌకర్యం లేదు, పేరు రిజిస్టర్ చేసుకో.

ఆదివారం సాయంత్రం నేనూ లాగిన్ అవుతా. నల్లపావులతో ఓడిన ఆట ఒకటి ఎగ్జామిన్‌లో పెట్టు, నేను అబ్జర్వ్ చేస్తా, అంటే పక్కనుంచి చూస్తా. అప్పుడు ఎమ్‌ఎగ్జామిన్ కొట్టి నా హ్యాండిల్ ఇస్తే నాకూ ఎత్తులు వేసే వీలుంటుంది.

మీ పెదనాన్న