ఉద్యోగం మానేసి బీటెక్‌లో చేరొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. మెకానికల్ డిప్లొమా చేసి తొమ్మిదేళ్లుగా పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. చేతికి 32,000 వస్తుంది, బేసిక్ 16,000. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 14,000. ఒక పాప. ఇంటి ఖర్చు నెలకు 34,000. పర్సనల్ లోన్ కిస్తీ 6,000, ఇంకా 1.2 లక్షలు కట్టాలి. ఎఫ్‌డీలో 4.5 లక్షలు, ఈపీఎఫ్‌లో 3.8 లక్షలు ఉన్నాయి. డిగ్రీ లేక ప్రమోషన్ రావట్లేదు. ఉద్యోగం మానేసి, ఈసెట్ (డిప్లొమా చేసినవాళ్లకు ఉండే ప్రవేశపరీక్ష) రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరదామనుకుంటున్నాను. డబ్బు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఎంత తక్కువ పడుతుందో చూడండి. లోన్ తీర్చేశాక కూడా ఇంటి ఖర్చుకి, మీ ఆవిడ జీతానికి మధ్య నెలకు 20,000 లోటు. మూడేళ్లకు 7.2 లక్షలు. ఫీజు ఏడాదికి 90,000 అనుకున్నా 2.7 లక్షలు. లాప్‌టాప్, పరీక్ష ఫీజులు, బస్సు చార్జీలకు మరో 80,000. మొత్తం 10.7 లక్షలు.

మీ దగ్గర ఉన్నదేమో లోన్ తీర్చాక 3.3 లక్షల ఎఫ్‌డీ. ఈపీఎఫ్ ముసలితనానికి దాచుకున్న సొమ్ము, దాన్ని ఈ లెక్కలో కలపలేదు. గ్రాట్యుటీ సుమారు 83,000 వస్తుంది (బేసిక్‌ను 15తో హెచ్చించి 26తో భాగించి, తొమ్మిదేళ్లతో హెచ్చించాలి). ఫీజుకి, లాప్‌టాప్‌కి విద్యారుణం 3.5 లక్షలు తీసుకున్నా ఇంకా 3 లక్షల పైచిలుకు లోటే. విద్యారుణం ఇంటి అద్దెకు, పాలకు ఇవ్వరు. బంగారం కుదువపెట్టి పూడుద్దామంటే, జీతం లేని రోజుల్లో ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ, వయసు పరిమితులున్నాయి. మంజూరైనా బకాయిలు ఆలస్యమైతే కాలేజీలు ముందు మీరే కట్టమంటాయి. కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు.

ఇంకో ఏడాది ఆగినా లాభం లేదు. ఇప్పుడు నెలకు మీకు మిగిలేది 6,000, ఏడాదికి 72,000 మాత్రమే.

ఉద్యోగం మానకుండా చదివే దారి చూడండి. ఉద్యోగం చేస్తున్నవారి కోసం ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) 2023-24 నుంచి కొన్ని కాలేజీలకు సాయంత్రం తరగతులతో బీటెక్ నడిపే అనుమతి ఇస్తోంది. డిప్లొమా ఉండి, కనీసం ఏడాది రెగ్యులర్ ఉద్యోగం చేసినవాళ్లు అర్హులు. కాలేజీకి, మీరు పనిచేసే చోటుకి మధ్య దూరానికి పరిమితి ఉంది, ముందే కొలుచుకోండి. ఫీజు కట్టేముందు ఆ ఏడాది ఏఐసీటీఈ ఇచ్చిన అనుమతి పత్రం అడగండి. అందులో ‘వర్కింగ్ ప్రొఫెషనల్స్’ కోర్సు, మీ బ్రాంచి, సీట్ల సంఖ్య కనబడాలి. చూపించకపోతే ఆ కాలేజీ వద్దు. దూరవిద్యలో బీటెక్ అన్న ప్రకటనల జోలికి వెళ్లకండి. డీమ్డ్ వర్సిటీలు అనుమతి లేకుండా అలా ఇచ్చిన డిగ్రీలు చెల్లవని సుప్రీంకోర్టు 2017 నవంబరులోనే తేల్చింది.

ఈ దారిలో డబ్బు సరిపోతుంది. ఎఫ్‌డీలోంచి 1.2 లక్షలు తీసి పర్సనల్ లోన్ మూసేయండి. ముందుగా తీర్చినందుకు బ్యాంకు ఎంత చార్జీ వేస్తుందో కనుక్కోండి. అయినా లోన్ వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే చాలా ఎక్కువే ఉంటుంది. కిస్తీ పోయాక నెలకు 12,000 మిగులుతుంది. ఫీజుకి 7,500 విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, పరీక్షలకు, పెట్రోలుకు 2,500 పోనివ్వండి. 3.3 లక్షల ఎఫ్‌డీ తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, దాన్ని కదపకండి.

చదువు మధ్యలో ఆగేది ఎక్కువగా షిఫ్టుల వల్ల. బీ షిఫ్టు (మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు) పడిన వారాల్లో సాయంత్రం తరగతులు పోతాయి. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణం చూపి, రుసుము కట్టి గట్టెక్కొచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అందుకే నిరభ్యంతర పత్రంతోపాటు మూడేళ్లూ జనరల్ షిఫ్టు ఇస్తామన్న మాట హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బీటెక్ అయ్యాక గ్రేడ్ మారుస్తారా అనేదీ అప్పుడే అడగండి. మార్చమంటే ఈ ఖర్చు మరోచోట ఉద్యోగం కోసమే పెడుతున్నట్టు.

రెండో భయం లెక్కలు. మీరు మొదటి ఏడాది చదవకుండా నేరుగా రెండో ఏడాదికి వెళ్తారు. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటివారం నుంచే కాలిక్యులస్ అడుగుతాయి. ఆరునెలల ముందు ఈసెట్ మ్యాథ్స్ సిలబస్ పట్టుకోండి. పార్షియల్ ఫ్రాక్షన్లతో మొదలుపెట్టండి. అవి రాకపోతే ఇంటిగ్రేషన్‌లోనూ, ఇన్వర్స్ లాప్లాస్‌లోనూ మధ్యలో ఆగిపోతారు. సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడితే పరీక్ష ఫీజూ, సెలవు రోజులూ రెండూ పోతాయి.

ఇదంతా కుదరక రాజీనామాయే చేయాల్సివస్తే, అంతకు రెండు నెలల ముందే కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ తీసుకోండి. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, కొత్తదానిలో మొదటి 30 రోజులు జబ్బులకు క్లెయిమ్ ఉండదు. టర్మ్ పాలసీ కూడా జీతం చీటీ ఉన్నప్పుడే తేలిగ్గా వస్తుంది. ఈపీఎఫ్‌తోపాటు ఉండే పింఛను కోసం ఫారం 10సీ నింపేటప్పుడు ఆ సొమ్ము తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. మళ్లీ ఉద్యోగంలో చేరాక ఈ తొమ్మిదేళ్లు కొత్త సర్వీసులో కలుస్తాయి. పింఛనుకు కావాల్సింది పదేళ్లు.