గూటిపెట్టెకు సిమెంటు ముఖం

అచ్చులు, మాలు, తాపీ పని గురించి పాఠకులు అడిగేవాటికి ఈ పేజీలో జవాబులు రాస్తుంటాను. ఈసారి కట్టలో పిట్టల గూటిపెట్టెల ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. అందుకని మిగతావాటిని పక్కన పెట్టి వీటి సంగతే చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, మా తోటలో చెట్టుకు బిగించిన చెక్క గూటిపెట్టె కన్నాన్ని ఉడుత కొరికి కొరికి పెద్దది చేసేసింది. ఇప్పుడు అందులో పిల్లి చెయ్యి కూడా పడుతుంది. ముందు పలక వానకు నాని కింది అంచున పుచ్చిపోయింది. మిగతా పెట్టె దిట్టంగానే ఉంది. ఆ ముందు పలక ఒక్కటీ కాంక్రీటుతో ఇంట్లో పోసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: పోసుకోవచ్చమ్మా. కానీ ముందొక మాట. పలక గట్టిగా ఉండి కన్నం ఒక్కటే పెద్దదై ఉంటే మాత్రం కాంక్రీటు జోలికి వెళ్లొద్దనే చెప్పేవాణ్ణి. సరైన కన్నం ఉన్న రేకు ముక్కను అంచులు ఆకురాయితో బాగా అరగదీసి, పాత కన్నం మీద స్క్రూలతో బిగిస్తే గంటలో పని అయిపోతుంది. మీ పలక ఎలాగూ పుచ్చింది, మార్చక తప్పదు. కాబట్టి సిమెంటు పలక పోయడంలో అర్థముంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది కన్నం కొలత. ఆ పెట్టెలో ఎవరుండాలి అన్నదాన్ని బట్టి కొలత. ఊర పిచ్చుకకు 32 మిల్లీమీటర్లు చాలు. గ్రేట్ టిట్ లాంటి చిన్న పిట్టకు 28. యూరప్ స్టార్లింగ్ అనే గోరింక జాతి పిట్టకు 45. ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువైతే ఏం పోయింది అనుకుంటారు గానీ, పెద్ద పిట్టలు వచ్చి చిన్నవాటిని తరిమేసేది ఆ కాస్త తేడాతోనే. కన్నం కింది అంచు నుంచి పెట్టె అడుగుకు కనీసం 125 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. అంతకన్నా తక్కువైతే బయటి నుంచి చెయ్యి పెట్టిన పిల్లికి గుడ్లు అందుతాయి.

ఇక అచ్చు. నున్నటి ప్లైవుడ్ ముక్క మీద 25 మిల్లీమీటర్ల ఎత్తు చెక్క పట్టీలతో ఫ్రేము బిగించండి. ఫ్రేము లోపలి వెడల్పు, పెట్టె రెండు పక్క పలకల మధ్య ఖాళీకన్నా నాలుగు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. సిమెంటు దాదాపు కదలదు. బిర్రుగా బిగిస్తే వానాకాలంలో ఆ చెక్కే పక్క నుంచి నెట్టి మీ పలకను బీటలు వారుస్తుంది. అటు రెండు, ఇటు రెండు మిల్లీమీటర్లు వదిలితే ఆ గొడవ ఉండదు.

కన్నం కోసం చాలామంది గుండ్రటి చెక్క దిమ్మె పెడతారు. అది తడి మాలులో నీరు పీల్చి ఉబ్బుతుంది, చుట్టూ సన్నటి పగుళ్లు తెస్తుంది. ప్లాస్టిక్ పైపు ముక్క మేలు. బయటి వ్యాసం స్కేలు పెట్టి కొలవండి, పైపు మీద రాసిన అంకెను నమ్మొద్దు. ముక్కను పొడుగునా ఒక వైపు రంపంతో చీల్చి, చీలిక మూసుకునేలా పైన ప్లాస్టిక్ టేపు ఒక చుట్టు చుట్టండి. తర్వాత లోపలి వైపుకు నొక్కితే పైపు ముడుచుకుని తేలిగ్గా ఊడి వస్తుంది.

పలక బయటి ముఖం ప్లైవుడ్ వైపు, లోపలి ముఖం పైకి ఉండేలా పోస్తాం. అంటే కన్నం బయటి అంచు అడుగున పడుతుంది. తీసి చూస్తే అది కత్తిలా పదునుగా ఉంటుంది. రోజుకు వందసార్లు వచ్చిపోయే పిట్ట ఈకలకు అది మంచిది కాదు. అందుకే పైపును ప్లైవుడ్ మీద నిలబెట్టాక, అది ప్లైవుడ్‌ను తాకే మూల చుట్టూ కిటికీ అద్దాలకు వాడే పుట్టీని సన్నటి తాడులా పేర్చి, వేలితో ఒక్కసారి చుట్టూ రాయండి. వేలు లాగిన చోట పుట్టీ లోపలికి వంపు తిరుగుతుంది. మాలు దాని మీద పడి గట్టిపడ్డాక కన్నం అంచు నున్నగా గుండ్రంగా వస్తుంది. కింది అంచు వైపు పుట్టీ కాస్త మందంగా వేస్తే అక్కడ బయటికి వాలు వస్తుంది, వాన నీరు లోపలికి పోదు. సిమెంటు జాలీలు పోసిన రోజుల్లో మా చేతికి అలవాటైన పని ఇది. పలక మొత్తంలో నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే. మాలు పోసేముందు ఫ్రేముకు, ప్లైవుడ్‌కు, పైపుకు పల్చగా నూనె రాయడం మరవొద్దు.

కంకర అక్కర్లేదు. ఈ మందానికి సిమెంటు, ఇసుక చాలు. కాకపోతే పలక మొత్తం ఒకే మాలుతో పోయనక్కర్లేదు. ఉడుత పళ్లు పడేది కన్నం అంచున. అక్కడ నాలుగు వేళ్ల వెడల్పున గట్టి మాలు కావాలి: ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక. మిగతా పలకకు సిమెంటు, ఇసుక, కడిగిన రంపపు పొట్టు సమపాళ్లలో కలపండి. పొట్టు కలిస్తే బరువు తగ్గుతుంది, వేడి కూడా కొంత ఆగుతుంది. ఫ్యాక్టరీల్లో చేసే వుడ్‌క్రీట్ గూటిపెట్టెల్లోనూ సిమెంటు, పొట్టు కలిసే ఉంటాయి. రెండు మాలులూ పక్కపక్కనే కలుపుకుని, మొదటిది పచ్చిగా ఉండగానే రెండోది పోయాలి. ఒకటి ఆరాక ఇంకోటి పోస్తే అతుకు దగ్గర విడిపోతుంది.

నీళ్లు ఎంత అని అడగబోతారు. పొట్టులో తేమను బట్టి మారుతుంది కాబట్టి లెక్క చెప్పలేను. గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అచ్చులో సగం మందం పోశాక కోళ్ల మెష్ ముక్క పరిచి పైన మిగతా సగం పోయండి. మెష్ తీగ కొసలు కన్నంలోకి గానీ అంచుల్లోకి గానీ రాకూడదు. కన్నం చుట్టూ వేలెడు దూరం వదిలి కత్తిరించండి. తర్వాత ఫ్రేమును నాలుగు వైపులా చెక్క సుత్తితో తడుతూ ఉంటే గాలి బుడగలు పైకి వచ్చి, మీద నీటి మెరుపు కనిపిస్తుంది. అక్కడితో ఆపేయండి. ఇంకా తడితే నీరు, సిమెంటు పైకి, ఇసుక అడుక్కీ చేరతాయి.

స్క్రూ కన్నాలు కూడా ఇప్పుడే పెట్టాలి. అంచుకు 30 మిల్లీమీటర్లు లోపలగా, నూనె రాసిన ప్లాస్టిక్ గొట్టం ముక్కలు నిలబెట్టండి. స్క్రూ నాలుగు మిల్లీమీటర్లదైతే కన్నం ఆరు ఉండాలి. గట్టిపడిన పలకకు తర్వాత డ్రిల్ పెడితే మూలలు ఊడిపోవడం ఖాయం.

కొన్ని గంటలకు మాలు బొటనవేలికి లొంగకుండా, గోరుతో గీస్తే గీత పడే స్థితికి వస్తుంది. అప్పుడు పైపును మెలితిప్పి తీసేయండి. పైకి కనిపిస్తున్న లోపలి ముఖం మీద, కన్నం నుంచి కిందికి, మేకుతో అడ్డంగా దగ్గర దగ్గరగా గీతలు గీయండి. రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చాలు. ఇది అందం కోసం కాదు. రెక్కలు వచ్చిన పిల్ల గోళ్లతో ఎగబాకి కన్నం దాకా రావాలి. నున్నటి సిమెంటు మీద దానికి పట్టు దొరకదు, అడుగునే ఉండిపోయి చస్తుంది. ఇంట్లో పోసిన పలకల్లో జనం ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మర్నాడు ఫ్రేము విప్పొచ్చు. తడి గోనెసంచి కప్పి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి వారం పాటు ఆరనివ్వకండి. ఆ తర్వాత కొన్నాళ్లు నీళ్ల బకెట్టులో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండండి. పచ్చి సిమెంటు క్షారం చాలా ఘాటు. కలిపేటప్పుడు గ్లవ్స్ వేసుకోమనేది అందుకే, పిట్ట కన్నా ముందు మీ చర్మం కాలుతుంది. పొడి సిమెంటు దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు కూడా పెట్టుకోండి. నానిన పలకను గాలి తగిలే చోట నిలబెట్టి, పోసిన రోజు నుంచి నెల దాటాకే పెట్టెకు బిగించండి. స్క్రూ తల కింద రబ్బరు వాషర్ పెట్టి, పలక కదలనంత వరకే తిప్పాలి.

బరువు సంగతి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు, రెండున్నర మందం ఉన్న పలకను వట్టి ఇసుక మాలుతో పోస్తే సుమారు రెండు కేజీలు తూగుతుంది. పొట్టు మాలుతో అయితే అంతకన్నా బాగా తగ్గుతుంది. ఎలా పోసినా పాత చెక్క పలకకన్నా బరువే కాబట్టి పెట్టెను చెట్టుకు పట్టిన మేకులు తీసి స్క్రూలు పెట్టండి. ఏడాదికోసారి గూడు శుభ్రం చేయడానికి ఇన్నాళ్లూ ముందు పలక తెరిచేవారైతే, ఇక నుంచి పైకప్పుకు మడతబందులు వేసి అటు నుంచి తెరవండి.

ఇంత చేశాక కూడా పక్క పలకలు చెక్కవే. వడ్రంగి పిట్ట తలుచుకుంటే పక్క నుంచి తొలుస్తుంది. సిమెంటు ముఖం కాపాడేది కన్నాన్ని మాత్రమే.

ప్రశ్న: పొట్టు, సిమెంటు కలిపి గూటిపెట్టె పలక పోశాను. వారమైనా గట్టిపడలేదు. గోరుతో గీస్తే పొడి రాలుతోంది. సిమెంటు పాతదా? – ఒక పాఠకుడు

జవాబు: సిమెంటులో గడ్డలు కనిపించి ఉంటే అదే కారణం కావచ్చు. లేదంటే తప్పు పొట్టుదే. చెక్కలో ఉండే చక్కెరలు, టానిన్లు నీటిలో కరిగి సిమెంటు గట్టిపడటాన్ని అడ్డుకుంటాయి. కొన్ని రకాల చెక్కతో అది దాదాపు ఆగిపోతుంది. పొట్టును వేడినీళ్లలో నానబెట్టి, గోధుమరంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. చివర్లో ఒకసారి సున్నపు నీళ్లలో ముంచి పిండితే ఇంకా మంచిది. పిండిలాంటి పొట్టు కన్నా కాస్త ముతక పొట్టు నయం.

ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) కోసిన పొట్టు, చెదల మందు పట్టించిన చెక్క పొట్టు మాత్రం వాడకండి. ఆ జిగుర్లు, మందులు పిట్ట పిల్లలు పడుకునే చోట ఉండకూడదు. మీ దగ్గరున్న పలకను ఏదో పూత పూసి బతికించాలని చూడకండి, పడేయండి.

ప్రశ్న: కాంక్రీటు ఎండకు కాలిపోతుంది కదా, లోపలి పిల్లలు ఏమవుతాయి? నాకు అదే టెన్షన్. – ఒక పాఠకురాలు

జవాబు: సరైన టెన్షనే. దట్టమైన కాంక్రీటు చెక్కకన్నా దాదాపు పది రెట్లు తేలిగ్గా వేడిని లోపలికి పంపుతుంది. అందుకే పెట్టె మొత్తం సిమెంటుతో పోస్తామనే వాళ్లకు నేను వద్దనే చెబుతాను. ముఖం ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. కాకపోతే మధ్యాహ్నం ఎండ ఆ ముఖం మీద నేరుగా పడకూడదు. నీడ వైపు తిప్పి బిగించండి. పైకప్పును ముందుకు ఐదు సెంటీమీటర్లు పొడిగించండి. పక్క పలకలకు పైన, కప్పు కింద, గాలి ఆడేందుకు సన్నటి సందులు వదలండి. ముదురు రంగు వేయొద్దు. వేయాలనిపిస్తే బయటివైపు మాత్రం సున్నం కొట్టండి, లోపల ఏదీ పూయకండి.

ప్రశ్న: కన్నం కింద పిట్ట కూర్చోవడానికి సిమెంటులోనే పుల్ల గుచ్చి పోయవచ్చా?

జవాబు: వద్దు. పిట్టకు దాని అవసరం లేదు. దాని మీద కూర్చుని లోపలికి ముక్కు పెట్టే శత్రువుకే పనికొస్తుంది.

ప్రశ్న: మా పెట్టెలో పిచ్చుకలు ఇప్పుడు గూడు కట్టాయి. ఉడుత మాత్రం కన్నం కొరకడం మొదలుపెట్టింది. కొత్త సిమెంటు పలక సిద్ధంగా ఉంది. ఒక పూటలో మార్చేయనా? – ఒక పాఠకుడు

జవాబు: మార్చకండి. గుడ్లు, పిల్లలు ఉండగా ముఖం విప్పితే తల్లి పిట్ట గూడు వదిలేసి పోవచ్చు. చాలా దేశాల్లో అలా కదిలించడం చట్టరీత్యా నేరం కూడా. పిచ్చుక గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అయితే మొదటి పిల్లలు వెళ్లాయి కదా అని వెంటనే పలక విప్పకండి, పిచ్చుక ఒకే కాలంలో రెండు మూడుసార్లు పెడుతుంది. రాకపోకలు పూర్తిగా ఆగి, కొన్ని వారాలు పెట్టె ఖాళీగా ఉందని తేలాక పాత గూడు తీసి శుభ్రం చేసి పలక మార్చండి. ఈలోగా చెట్టు మొదలుకు నున్నటి రేకు చుట్టి చూడండి. పక్క చెట్ల కొమ్మలు అటు తగలకుండా ఉంటేనే అది పనిచేస్తుంది, లేకపోతే ఉడుత కొమ్మ మీంచి దూకి వస్తుంది. మీ పలక ఆలోగా నీడన బాగా ఆరనివ్వండి, దానికీ అదే మేలు.