కోపం, సెరటోనిన్, రక్తపరీక్ష

ప్రశ్న: మా తమ్ముడు చిన్న మాటకే చెయ్యి చేసుకుంటాడు, కాసేపటికి తనే కుమిలిపోతాడు. మెదడులో సెరటోనిన్ తగ్గితే ఇలా జరుగుతుందని చదివాను. రక్తపరీక్షలో తెలుస్తుందా? మందులతో తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రక్తపరీక్షలో తెలియదమ్మా. సెరటోనిన్ అంటే నాడీకణాల మధ్య సందేశాలను చేరవేసే రసాయనం. శరీరంలోని సెరటోనిన్‌లో అత్యధిక భాగం పేగుల్లో తయారై, రక్తంలోని ప్లేట్‌లెట్లలో నిలవ ఉంటుంది. అది మెదడులోకి ప్రవేశించలేదు కనుక, రక్తంలో ఎంత ఉందో చూసి మెదడు సంగతి చెప్పడం సాధ్యం కాదు. ఆ పరీక్షకు డబ్బు ఖర్చు చేయకండి.

మీరు చదివిన మాటకు మాత్రం కొంత ఆధారం ఉంది. సెరటోనిన్ విచ్ఛిన్నమైనప్పుడు మిగిలే పదార్థాన్ని వెన్నుపాము ద్రవంలో కొలవవచ్చు. 1983లో వెలువడిన ఫిన్లండ్ పరిశోధనలో, క్షణికావేశంలో హింసకు పాల్పడిన నేరస్తుల్లో ఆ పదార్థం తక్కువగానూ, ముందే పథకం వేసుకుని నేరం చేసినవారిలో అంతకంటే ఎక్కువగానూ కనిపించింది. అంటే సెరటోనిన్ లోపానికి సంబంధం ఉన్నది క్రూరత్వంతో కంటే, ఎగసిన ఆవేశాన్ని నిలువరించుకోలేకపోవడంతోనేనని భావించారు. ఎమిగ్డలా, హైపోథాలమస్ వంటి మెదడు లోపలి భాగాలు ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని ఎదురుదాడికి సిద్ధం చేస్తే, నుదుటి వెనుక ఉన్న భాగం వాటిని అదుపు చేస్తుంది. ఆ అదుపుకు సెరటోనిన్ తోడ్పడుతుంది. మద్యం ఆ అదుపునే సడలిస్తుంది. అయితే, తర్వాత అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు సెరటోనిన్‌కూ దూకుడుకూ మధ్య సంబంధం బలహీనమైనదేనని తేలింది. దూకుడుకు కారణమని చెప్పుకునే పురుష హార్మోను టెస్టోస్టిరాన్ విషయంలోనూ అంతే.

రసాయనం కథలో సగమైనా కాదని నేను నమ్మడానికి కారణం మరో పరిశోధన. సెరటోనిన్ వంటి రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంజైము ఒక జన్యులోపం వల్ల పూర్తిగా లోపించి, ఆవేశంతో దాడులకు దిగే పురుషులున్న ఒక డచ్ కుటుంబం గురించి 1993లో వెల్లడైంది. అటువంటి లోపం చాలా అరుదు. అదే ఎంజైము కాస్త మందకొడిగా పనిచేసే జన్యురూపం మాత్రం ఎంతోమందిలో ఉంటుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచీ పరిశీలనలో ఉన్నవారిపై 2002లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆ జన్యురూపం ఉన్న మగవారిలో హింసాప్రవృత్తి ప్రధానంగా బాల్యంలో తీవ్రమైన వేధింపులకు గురైనవారిలోనే పెరిగింది. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని ఒకే తీరుగా సమర్థించలేదు.

ఇక చికిత్స. పదేపదే ఇలా విరుచుకుపడేవారిలో కొందరికి డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు, మరికొందరికి ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స మేలు చేస్తాయి. మద్యం అలవాటు, నిద్రలేమి, డిప్రెషన్, పాత తలగాయం ఉన్నాయేమో మానసిక వైద్యులు ముందుగా ఆరా తీస్తారు. మీ తమ్ముడు పశ్చాత్తాపపడుతున్న సమయంలోనే వైద్యుల దగ్గరికి వెళదామని అడగండి, అప్పుడే వినే అవకాశం ఎక్కువ. ఆయన చెయ్యి ఎత్తినప్పుడు మాత్రం నచ్చజెప్పడానికి నిలబడకుండా, ఇంట్లో ఉన్నవారంతా అక్కడి నుంచి తప్పుకోవాలి.