టిప్పర్ కోసం మూడు రూపాయల వడ్డీకా?

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మెషీన్ ఆపరేటర్‌ని. వయసు 34. జీతం ఈమధ్యే 20 వేల నుంచి 24 వేలకు పెరిగింది. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి 19 వేలు. మిగతా 5 వేలు లక్ష రూపాయల చీటీకి కడుతున్నాను. పాట పాడలేదు, ఇంకో నాలుగు నెలల్లో డబ్బు చేతికొస్తుంది. దానికి తోడు నూటికి మూడు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి, పాత టిప్పర్ కొని క్వారీకి తిప్పుదామని ఉంది. ఇక్కడ అందరూ అలాగే బాగుపడ్డారు. సలహా ఇవ్వండి సార్.

జవాబు: వద్దండి. ఒంగోలు, చీమకుర్తి వైపు నుంచి ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి కాబట్టి సూటిగానే చెబుతాను.

6 లక్షలకు నెల వడ్డీయే 18 వేలు. ఏడాదిపాటు 2,16,000 కట్టినా అసలు రూపాయి కూడా తరగదు. డీజిల్, డ్రైవర్ జీతం, టైర్లు, ఫిట్‌నెస్ ఖర్చులు వేరే. బండి ఒక నెల షెడ్డులో పడితే మీ జీతంలో ఇంటికి మిగిలేది 6 వేలే. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, దాన్ని చిన్న వడ్డీ అనుకోవడం మానండి.

ఇంకో సంగతి మీరు చూడలేదు. మీ జీతమూ, టిప్పర్ బాడుగా రెండూ చీమకుర్తిలో దొరికే ఆ నల్ల గెలాక్సీ గ్రానైట్ మీదే ఆధారపడ్డాయి. బ్లాకులు బాగా వెళ్లేది చైనాకు. అక్కడ ఆర్డర్లు తగ్గితే క్వారీలో పని తగ్గుతుంది, ఫ్యాక్టరీలో షిఫ్టులు కోస్తారు, టిప్పర్ రోడ్డు పక్కన నిలబడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోవడం మీరు కళ్లారా చూసే ఉంటారు. అప్పిచ్చినాయన మాత్రం ఒకటో తారీఖుకి వస్తాడు. బాగుపడ్డవాళ్లే మీకు కనిపిస్తున్నారు, బండి అమ్ముకున్నవాళ్లు ఆ మాట పదిమందిలో చెప్పుకోరు.

మీ దగ్గర అత్యవసర నిధి అనేదే లేదు, నాకు టెన్షన్ అంతా దాని గురించే. ఆరు నెలల ఖర్చు 1,14,000. కమిషన్ పోను వచ్చే చీటీ డబ్బుతో ఇది దాదాపు నిండుతుంది. 20 వేలు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది మీ దంపతులిద్దరి పేరా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. తక్కువ పడిన సొమ్ము ఆ తర్వాతి నెలల్లో కలపండి. బావమరిది అడిగినా కదపొద్దు.

జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కూడా ఆగిపోతుంది. ఎప్పటివరకు ఉంటుందో ఆఫీసులో ఈ వారమే అడగండి. దుమ్ములో పనిచేసేవారు ఆరోగ్య బీమా లేకుండా ఒక్క నెల కూడా ఉండకూడదు. ఈఎస్ఐ ఆగేలోపే కుటుంబానికి హెల్త్ పాలసీ, నిధి నిండాక ఆ 5 వేలలోంచే మీ పేరా టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. అప్పటిదాకా బ్యాంకులో ఏడాదికి 436, 20 రూపాయల ప్రధానమంత్రి జీవిత, ప్రమాద బీమాలు రెండూ పెట్టించండి.

టిప్పర్ మీద ఆశ చావకపోతే, నిధి జోలికి వెళ్లకుండా సగం ధర సొంతంగా కూడబెట్టాక బ్యాంకు లోను అడగండి.