కదిలినట్టు కనిపిస్తుందా, అనిపిస్తుందా?

సందేహం: పిల్లల పత్రికకి సినిమా గురించి వ్యాసం రాస్తూ ‘దృష్టి నిలకడ వల్ల నిశ్చల చిత్రాలు కదిలినట్టు కనిపిస్తాయి’ అన్నాను. లేని కదలిక ఎలా కనిపిస్తుందని ఎడిటర్ గారు ‘కనిపిస్తాయి’ కొట్టేసి ‘అనిపిస్తుంది’ అని దిద్దారు. ఎవరిది ఒప్పు? అలాగే చలనచిత్రం, చలచ్చిత్రం – వీటిలో ఏది సరైనది?

సమాధానం: మీ ‘కనిపిస్తాయి’ని వెనక్కి తెచ్చుకోండి. ఎడిటర్ గారు దిద్దాల్సింది వదిలేసి దిద్దక్కర్లేనిది దిద్దారు.

కదలిక నిజం కాదన్న సంగతి ‘కదిలినట్టు’లో ఉన్న ‘అట్టు’ ముందే చెప్పేసింది, దానికోసం క్రియ మార్చక్కర్లేదు. ‘ఆయనకి కోపం వచ్చినట్టు అనిపించింది’ అంటాం. అది ఊహ, కోపం లేదయ్యా అని ఎవరైనా చెబితే ఆ అనిపించడం పోతుంది. ఎండమావిలో నీళ్లు అలా కాదు, లేవని తెలిసినా కనిపిస్తూనే ఉంటాయి. తెర మీద బొమ్మదీ ఇదే పద్ధతి. సెకనుకి 24 నిలిచిన ఫొటోలని మీకు తెలుసు, నాకూ తెలుసు, అయినా హీరో పరుగెత్తడం ఆపడు.

దీన్ని ప్రయోగం చేసి చూసినవాడు మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1912లో ప్రచురించాడు. రెండు గీతల్ని పక్కపక్కన, ఒకదాని తర్వాత ఒకటి చూపించాడు. మధ్య వ్యవధి 200 మిల్లీసెకన్లుంటే ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందన్నారు చూసినవాళ్లు, 30 దగ్గర రెండూ ఒకేసారి ఉన్నాయన్నారు, 60 దగ్గర మాత్రం ఒకే గీత ఇక్కణ్ణించి అక్కడికి జరిగిందన్నారు. ఆలోచించి చెప్పిన మాట కాదది, చూసిన మాట.

ఇంకో సాక్ష్యం కావాలంటే, మెదడు వెనక భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఒక స్త్రీ గురించి జర్మనీ పరిశోధకులు 1983లో రాశారు. ఆవిడకి రంగులు, ఆకారాలు చక్కగా తెలిసేవి, కదలిక ఒక్కటే తెలిసేది కాదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు ఉండేదట, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదట. దూరాన ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గర ప్రత్యక్షమయ్యేది, రోడ్డు దాటాలంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. అంటే కదలికని చూడటానికి మెదడులో విడిగా ఒక ఏర్పాటుంది. ఫొటోల వరసైనా నిజం బంతైనా, మార్పు చిన్నదిగా, వెంటవెంటనే వస్తే దానికి ఒకటే.

ఇక మీ వాక్యంలో అసలు తప్పు ‘వల్ల’ దగ్గరుంది. దృష్టి నిలకడ వల్ల బొమ్మ కదలదు. చాలా పాఠ్యపుస్తకాలు ఇలాగే రాస్తాయి, 1824లో పీటర్ మార్క్ రోజే కనిపెట్టాడని కూడా చేరుస్తాయి. (ఇంగ్లీషు పర్యాయపద కోశం కూర్చిన రోజేనే, మాటలతో పని కనక ఒక రకంగా మా కోవవాడే.) ఆయన రాసింది సన్నని సందుల్లోంచి చూస్తే తిరిగే చక్రం ఆకులు (చువ్వలు) వంగి నిలిచిపోయినట్టు ఎందుకు కనిపిస్తాయని, అంటే కదిలేది ఆగినట్టు కనిపించడం గురించి!

నిలకడ అంటే చూసింది కంట్లో కాస్త సేపు మిగలడం. కొరివి తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుందే, అలాతచక్రం, అది నిలకడ పనే. మాండూక్య ఉపనిషత్తు మీద గౌడపాదులు రాసిన కారికల్లో ఒక ప్రకరణానికి అలాతశాంతి అని పేరే ఉంది. అయితే అక్కడ ఏం జరిగిందో చూడండి: కదిలే నిప్పుకణం కదలని చక్రమైంది. సినిమాలో కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఫొటో కంట్లో మిగిలి దాని మీద తర్వాతది పడితే బొమ్మ అలుక్కుపోవాలి గానీ నడవడం ఎందుకు? పాత సినిమాల్లో జట్కా చక్రం వెనక్కి తిరుగుతుంది కదా, అదీ నిలకడతో తేలదు. ఈ ఫొటోలో ఉన్న చక్రం ఆకుకి తర్వాతి ఫొటోలో ఏది దగ్గరుంటే దాన్నే మెదడు జత చేస్తుంది, దగ్గరది వెనకుంటే చక్రం వెనక్కి తిరుగుతుంది. పెళ్లిపందిట్లో సీరియల్ లైట్లు పరుగెత్తేదీ ఇలాంటి జతకట్టడంతోనే, ఏ బల్బూ చోటు వదలదు.

నిలకడకి సినిమాలో బొత్తిగా పని లేదని కాదు. రీలు రోజుల్లో ఫిల్మ్ జరిగేటప్పుడు ప్రొజెక్టర్ షట్టర్ వెలుతురుని అడ్డుకునేది, అది చాలక ఒక్కో ఫొటో మధ్యలో మళ్లీ ఓసారి అడ్డుపడేది. అలా 24 ఫొటోలకి 48 మెరుపులు. మెరుపులు ఎక్కువైతే మధ్య చీకటి తెలియదు, తెర మిణుకుమిణుకుమనదు. నిలకడకి చెందే ఖాతా అది. కాబట్టి వాక్యాన్ని ఇలా మార్చండి: ‘కొద్దికొద్ది తేడాలున్న బొమ్మల్ని వెంటవెంటనే చూపిస్తే ఆ తేడాలని మెదడు కదలికగా పట్టుకుంటుంది, అందుకే బొమ్మ కదిలినట్టు కనిపిస్తుంది.’

రెండో ప్రశ్నకి: రెండూ సరైనవే. చలత్, చిత్రం కలిసి చలచ్చిత్రం, కదులుతున్న చిత్రమని. చలనచిత్రమంటే చలనాన్ని చూపే చిత్రం. ఫొటో కదలదు కనుక మీ ఎడిటర్ గారి పట్టింపుకి చలనచిత్రమే నప్పుతుంది. హిందీవాళ్ల చలచిత్ర్ కూడా తప్పేం కాదు, చల అన్న విశేషణంతో చేసుకున్నారు, మనకి అలవాటు లేదంతే. పిల్లల పత్రిక అంటున్నారు గనక, నన్నడిగితే హాయిగా సినిమా అని రాసేయండి.